పేము వెనకున్న జంగల్: బోర్నియో నుంచి మన దివాన్‌ఖానా దాకా

పేము అంటే మన ఇళ్ళల్లో మూడు చీజులు గుర్తొస్తాయి. దివాన్‌ఖానాలో దాదా ఒరిగి కూర్చునే పడక కుర్చీ ఒకటి. పసిపిల్లల్ని ఊపే ఊయల ఇంకోటి. మూడోది మక్తబ్‌లో హజ్రత్ చేతిలో ఉండే ఛడీ. మొదటి రెండూ అందరికీ దక్కకపోయినా, మూడోదాని రుచి మన తరానికి బాగానే తెలుసు. ఈ మూడూ ఒకే మొక్క నుంచి వచ్చాయని తెలిసినవాళ్ళు కూడా, ఆ మొక్క ఏ జంగల్లో పెరుగుతుంది, ఎవరు కోస్తారు, వాళ్ళకు ఎంత మజ్దూరీ దక్కుతుంది అని అడగరు. ఈ వ్యాసం ఆ సవాళ్ళ గురించే.

ముందు లఫ్జుల సంగతి చూద్దాం. తెలుగులో పేము, బెత్తం, పాత నిఘంటువుల్లో ప్రబ్బలి. బెత్తానికి మూలం సంస్కృతంలోని వేత్రం. ఉర్దూలో బేంత్ అంటాం, బేద్ అని కూడా అంటాం. ఇందులో ఒక తమాషా ఉంది. ఫార్సీలో బేద్ అంటే పేము కాదు, నీళ్ళ పక్కన పెరిగే విల్లో చెట్టు. బేద్-ఎ-మజ్నూ అని కొమ్మలు వేలాడేసుకుని నిలబడే చెట్టుకు పేరు. ఇరాన్‌లో పేము పెరగదు. ఆ జబాన్ హిందుస్తాన్‌కొచ్చాక వంగే గుణం చూసి అదే పేరు మన బెత్తానికీ అంటుకుంది. దునియా మొత్తం వాడే రాటన్ అనే మాట మాత్రం మలయ్ జబాన్‌లోని రోటన్ నుంచి వచ్చింది. ఆ మాట అక్కడిది కావడంలో ఆశ్చర్యం లేదు. ప్రపంచానికి అందే ముడి పేములో సుమారు 80 శాతం ఇండోనేషియాదే అని అంచనా. మన దగ్గర పేము లేదని కాదు. దక్షిణ భారత్‌లో, శ్రీలంకలో తడి నేలల్లో పెరిగే ఒక రకానికి శాస్త్రజ్ఞులు కాలమస్ రోటాంగ్ అని పేరు పెట్టారు. కానీ తిజారత్ అసలు కథ నడిచింది సుమత్రా, బోర్నియో, సులవేసీ దీవుల్లో. అందుకే మనం అక్కడికే పోదాం.

ఖజూర్ ఖాన్‌దాన్‌లో ఎగబాకే బిడ్డ

పేముని చూసి చాలామంది వెదురుకి చుట్టం అనుకుంటారు. కాదు. వెదురు గడ్డి జాతి, లోపల డొల్ల. పేము లోపలంతా గట్టిగా నిండి ఉంటుంది. దాని ఖాన్‌దాన్ కొబ్బరి, తాడి, ఖజూర్‌లది. తేడా ఒక్కటే. ఖజూర్ తన కాళ్ళ మీద తాను నిలబడుతుంది, పేము ఇంకో చెట్టు భుజం పట్టుకుని పైకి పోతుంది. దాదాపు 600 రకాలున్నాయి. ఆఫ్రికా నుంచి దక్షిణాసియా, ఆగ్నేయాసియా మీదుగా ఆస్ట్రేలియా ఉత్తర కొస దాకా పెరుగుతాయి. అమెరికా ఖండాల జంగల్స్‌లో మాత్రం ఒక్కటీ సహజంగా లేదు.

విత్తనం మొలిచాక పేము వెంటనే ఎగబాకదు. పెద్ద చెట్ల నీడలో, నేల మీదే నాలుగాకులు పరుచుకుని ఏళ్ళ తరబడి కూర్చుంటుంది. పక్కన ఏదో ముసలి చెట్టు కూలి, పైనుంచి వెలుతురు పడిన రోజున దాని జిందగీ మారుతుంది. అప్పుడు కాండం సాగి, ఏడాదికి కొన్ని మీటర్ల చొప్పున పైకి పోతుంది. ఎక్కడానికి దాని దగ్గర ఉన్న హత్యార్ ముల్లే. కొన్ని రకాల్లో ఆకు చివర కొరడాలా సాగి ఉంటుంది, కొన్నింటిలో ఆకు మొదట్లోంచి వేరే కొరడా పుడుతుంది. దాని నిండా వెనక్కి తిరిగిన కొక్కేలు. గాలికి ఊగుతూ ఏ కొమ్మకు తగిలితే దాన్ని పట్టేస్తుంది. ఆ జంగల్‌లో నడిచేవాడి చొక్కాను, చర్మాన్ని కూడా అంతే గట్టిగా పట్టుకుంటుంది.

పాత ఆకులు ఎండి రాలిపోతే కింది కాండానికి పట్టు ఉండదు. అది జారి నేల మీద చుట్టలు చుట్టలుగా పడుతుంది, కొస మాత్రం పైకి పోతూనే ఉంటుంది. అందుకే చెట్టు ఎత్తు 40 మీటర్లే అయినా పేము పొడవు 100 మీటర్లు దాటొచ్చు. కాలమస్ మనన్ అనే రకం 150 మీటర్లకు పైగా పెరిగిన దాఖలాలున్నాయి. ఇంకో సంగతి. ఈ ఖాన్‌దాన్ మొక్కలకు వయసుతో లావెక్కే గుణం లేదు. వేలు లావుతో మొదలైంది చివరి దాకా వేలు లావే. అందుకే సౌదాగర్లు రకాన్ని చూసి ముందే ధర కట్టగలరు. మణికట్టంత లావుండే మనావ్ కుర్చీ కాళ్ళకు, సన్నటి సెగా అల్లికకు.

చాలా రకాల్లో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. కాయలు ఆడ మొక్కకే వస్తాయి. కాయ మీద చేప పొలుసుల్లాంటి తొడుగు ఉంటుంది, లోపల గింజ చుట్టూ పుల్లటి గుజ్జు. ధనేశ పక్షులు, కోతులు, గిబ్బన్లు, పునుగు పిల్లులు తిని గింజల్ని దూరంగా పడేస్తాయి. కొన్ని పేముల ఆకు తొడుగుల్లో చీమలు కాపురం పెడతాయి. ఎవరైనా మొక్కను కదిపితే లోపలి చీమలన్నీ కలిసి తొడుగును తట్టి గలగలమని చప్పుడు చేస్తాయి. హెచ్చరిక విని కూడా చెయ్యి పెట్టినవాడి పని అంతే.

కాయల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. యునానీ హకీముల దుకాణాల్లో దమ్ముల్ అఖ్వైన్ అని ఎర్రటి బంక దొరుకుతుంది. ఇద్దరు అన్నదమ్ముల నెత్తురు అని దాని అర్థం. హాబీల్, ఖాబీల్‌ల కిస్సాతో ఆ పేరును ముడిపెట్టి చెప్పుకుంటారు. ఆ దవా అసలు ఊరు యెమెన్ దగ్గరి సొకోత్రా దీవి, అక్కడొక చెట్టు నుంచి కారే రసం. కానీ అదే పేరుతో బజారుకొచ్చే ఇంకో సరుకు సుమత్రా జంగల్‌లోని ఒక పేము కాయల మీద పేరుకునే బంక. అక్కడివాళ్ళు జెర్నాంగ్ అంటారు. కాయల్ని బుట్టలో వేసి బాది, రాలిన ఎర్ర పొడిని ముద్ద చేస్తారు. పచ్చి కాయల్లోనే బంక ఎక్కువ. పచ్చి కాయలు తెంపితే గింజ మొలకెత్తదు. అలా దవా కోసం కోసిన చోటల్లా ఆ పేము సంతానం తగ్గుతూ వచ్చింది.

కోసేవాడి మెహనత్

పేము కోత యంత్రాలతో జరిగే పని కాదు. ఇవాళ్టికీ మనిషీ కత్తీ. నలుగురైదుగురు కలిసి బియ్యం, ఉప్పు, ఎండు చేపలు కట్టుకుని జంగల్‌లోకి పోతారు. వారం, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ రోజులు అక్కడే టార్పాలిన్ కింద మకాం. పక్వానికొచ్చిన కాండాన్ని గుర్తుపట్టడం ఒక హునర్. కింది ఆకు తొడుగులు ఎండి రాలిపోయి నునుపైన కాండం కనబడాలి. లేతది కోస్తే ఎండినప్పుడు ముడుచుకుపోతుంది.

మొదట్లో ఒక్క వేటుతో నరుకుతారు. అసలు కష్టం ఆ తర్వాత. పైన కొక్కేలతో పది చెట్లను పట్టుకున్న కాండాన్ని కిందికి లాగాలి. ఇద్దరు ముగ్గురు కలిసి లాగుతుంటే పైనుంచి ఎండిన కొమ్మలు విరిగి పడతాయి, కందిరీగల తుట్టెలు కదులుతాయి. తలకు దెబ్బ తగిలినవాళ్ళు, కంట్లో ముల్లు దిగినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. ఎంత లాగినా రాకపోతే అందినకాడికి కోసుకుని మిగతాది పైనే వదిలేస్తారు. ఆ నుక్సాన్ తక్కువేం కాదు, కొన్నిసార్లు మంచి కాండంలో సగం కొమ్మల్లోనే ఎండిపోతుంది. వచ్చినదాన్ని చెట్టు మొదలుకు చుట్టి ఇటూ అటూ లాగితే ముళ్ళ తొడుగు ఊడుతుంది. కొసన ఉన్న లేత భాగం పనికిరాదు. బోర్నియోలో దయాక్ కుటుంబాలు దాన్ని పారెయ్యవు, వండుకుంటాయి. కాస్త చేదు ఉంటుంది, వాళ్ళకు అదే ఇష్టం.

లావు పేముని 3 మీటర్ల ముక్కలుగా కోసి, సన్నదాన్ని పొడుగ్గా మడిచి కట్టలు కడతారు. భుజాన వేసుకుని వాగు దాకా మోత. అక్కడి నుంచి తెప్పలుగా కట్టి నీళ్ళలో తేలుస్తూనో, పడవ మీదో ఊరికి. ఇక్కడ టైమ్ చాలా ముఖ్యం. కోసిన పేములో నీళ్ళు, చక్కెర నిండుగా ఉంటాయి. కొద్ది రోజుల్లో ఆరబెట్టకపోతే నీలి మచ్చల బూజు పడుతుంది, పురుగు తొలుస్తుంది. మచ్చ పడ్డ మాల్‌కు ధర ఉండదు. లావు రకాల్ని పెద్ద తొట్లలో నూనెలో, చాలాచోట్ల డీజిల్, కిరోసిన్ కలిపిన నూనెలో ఉడికిస్తారు. నీరూ జిగురూ బయటికొచ్చి కాండం గట్టిపడుతుంది. సన్నవాటిని కడిగి గంధకం పొగ పెడతారు, దాంతో దంతం రంగు వస్తుంది. ఎండేసరికి బరువు దాదాపు సగానికి పడిపోతుంది. పచ్చి బరువుకు ధర కట్టేది సౌదాగర్, ఎండు బరువుకు అమ్ముకునేదీ అతనే. ఎంత తగ్గుతుందో హిసాబ్ వేసేదీ అతనే.

పేష్గీ అనే ఉచ్చు

వారాల పాటు జంగల్‌లోకి పోవాలంటే ముందు ఇంట్లోకి బియ్యం, కిరోసిన్, పిల్లలకు ఖర్చు ఉండాలి. గరీబ్ దగ్గర ఆ డబ్బు ఎక్కడిది? సరుకు కొనే సౌదాగరే ఇస్తాడు. ఇండోనేషియాలో దీన్ని పంజార్ అంటారు. మన బజారులో పేష్గీ, పల్లెల్లో అడ్వాన్సు. తీసుకున్నవాడు మాల్ అతనికే పొయ్యాలి, ధర అతను చెప్పిందే. బియ్యం అతని దుకాణం ధరకే. వాన ఎక్కువై పని ఆగినా, జ్వరం వచ్చినా కర్జా పెరుగుతుంది. వచ్చే కోతకు దాన్ని మోసుకుపోవాలి.

సౌదాగర్లందరూ జాలిమ్‌లు అని నేను అనను. వాళ్ళు కూడా పైనున్న పెద్ద సౌదాగర్ దగ్గర పేష్గీ తీసుకున్నవాళ్ళే. ఆ పైన రేవులో ఉండేవాడు, ఆ పైన కార్ఖానా మాలిక్. గొలుసులో ప్రతి కడియం పై కడియానికి బాకీ. ఆ బాకీల బరువంతా ఆఖరికి పడేది కత్తి పట్టుకుని లోపలికి పోయేవాడి మీద. ఇదే దస్తూర్ జంగల్‌నీ తింటుంది. కర్జా తీర్చే తొందరలో ఉన్నవాడు లేత కాండాన్ని వదలడు, ఆడ మొక్కకు కాయ వచ్చే దాకా ఆగడు. దగ్గరి జంగల్ ఖాళీ అయితే ఇంకా లోపలికి పోతాడు. వెళ్ళే దూరం పెరిగితే పేష్గీ పెరుగుతుంది.

ఇక్కడ మొక్క రకాన్ని బట్టి కథ మారుతుంది. సెగా లాంటివి గుబురుగా పెరుగుతాయి. ఒక కాండం కోస్తే మొదట్లోంచి ఇంకోటి వస్తుంది. మనావ్ అలా కాదు. దానికి ఒక్కటే కాండం. కోశామంటే ఆ మొక్క ఖతం, మళ్ళీ గింజ నుంచే రావాలి. బజారులో లావు పేముకు ధర ఎక్కువ పలకడంతో సుమత్రా, మలయా జంగల్స్‌లో మనావ్ వేగంగా తరిగిపోయింది.

సుల్తాన్ కొడుకూ పేము బంతీ

పేముకు తారీఖ్‌లో జాగా లేదనుకోవద్దు. మలయ్ సల్తనత్‌ల చరిత్ర చెప్పే పాత గ్రంథం సెజారా మెలాయులో ఒక కిస్సా ఉంది. 15వ శతాబ్దంలో మలక్కాను సుల్తాన్ మన్సూర్ షా ఏలుతున్నాడు. అక్కడి కుర్రాళ్ళు పేముతో అల్లిన రాగా అనే బంతిని కాళ్ళతో తంతూ ఆడేవారు. ఇవాళ సెపక్ తక్రా అనే పేరుతో ఏషియన్ గేమ్స్‌లో ఉన్న ఆట దానిదే. ఒకరోజు వజీర్ తున్ పెరాక్ కొడుకు ఆడుతుండగా బంతి ఎగిరి, అటుగా పోతున్న షెహజాదా ముహమ్మద్ తలపాగాకు తగిలి అది కింద పడింది. షెహజాదా కోపంతో అక్కడే ఆ కుర్రాడిని చంపేశాడు. వజీర్ మనుషులు కత్తులు తీశారు. తున్ పెరాక్ వాళ్ళను ఆపాడు. సల్తనత్ మీద బగావత్ చేయనన్నాడు, కానీ ఈ షెహజాదాను తమ పాలకుడిగా ఒప్పుకోమని చెప్పేశాడు. సుల్తాన్ కొడుకును మలక్కా నుంచి పంపేశాడు. అతను పహాంగ్‌కు సుల్తాన్ అయ్యాడు. ఒక పేము బంతి తఖ్త్ వారసుడినే మార్చేసింది.

ఆ దీవుల్లో పేము లేని పని లేదు. ఇంటి దూలాలు కట్టేది పేముతోనే, పడవ లంగరు తాడు, చేపల బుట్ట, నేల మీద పరుచుకునే చాప అన్నీ దాంతోనే. అంబన్ దీవిలో డచ్ కంపెనీ కొలువులో ఉన్న రుంఫియస్ అనే జర్మన్ ఆలిమ్ అక్కడి మొక్కల మీద రాసిన పెద్ద కితాబులో పేములకూ చోటిచ్చాడు. 1670లో అతని చూపు పోయింది. అయినా ఇతరుల చేత రాయించి పని పూర్తి చేశాడు. 1702లో ఇంతకాలయ్యాడు, కితాబు అచ్చులోకొచ్చింది 1741 నుంచి.

ఓడల్లో పారేసిన మాల్

1819లో ఇంగ్లీషువాళ్ళు సింగపూర్‌లో బందర్ పెట్టి సుంకం లేదన్నారు. అంతే, దీవుల మాల్ అంతా అక్కడికే. సులవేసీ నుంచి బుగిస్ ముస్లిం నావికులు గాలి వాలు చూసుకుని పడవల్లో పేము, మైనం, తాబేటి చిప్పలు తెచ్చేవారు, తిరుగు సఫర్‌లో గుడ్డలు, ఇనుము పట్టుకెళ్ళేవారు. బోర్నియోలో బంజార్ ముస్లింలు బరితో నది పొడుగునా పడవలేసుకుని పైకెళ్ళి దయాక్‌ల దగ్గర పేము కొని బంజర్‌మాసిన్ రేవుకు తెచ్చేవారు. సింగపూర్‌లో చీనా సౌదాగర్లు దాన్ని కడిగించి, చీల్పించి, రకాలుగా ఏరించి హాంకాంగ్‌కు, యూరప్‌కు, అమెరికాకు ఎక్కించేవారు.

అమెరికాలో దీనికి గిరాకీ ఎలా వచ్చిందో వింటే నవ్వొస్తుంది. ఓడలో పెట్టెలు కదలకుండా సందుల్లో పేము కట్టలు కుక్కేవారు. రేవులో దిగాక పారేసేవారు. 1844లో బోస్టన్ రేవులో సైరస్ వేక్‌ఫీల్డ్ అనే కిరాణా వ్యాపారి ఆ కట్టల్ని ఏరుకుని బుట్టలల్లేవాళ్ళకు అమ్మి ఫాయిదా చూశాడు. 1855లో పేము కంపెనీ పెట్టాడు. 1868 కల్లా ఆ కార్ఖానా ఉన్న ఊరు తన పేరు మార్చుకుని వేక్‌ఫీల్డ్ అయిపోయింది. పేము పై తోలును పట్టీలుగా చీల్చి కుర్చీ సీట్లకు, లోపలి గుజ్జు కడ్డీని సోఫాలకు, పిల్లల బండ్లకు వాడారు. అటు 1859లో వియన్నాలో థోనెట్ కంపెనీ వంచిన చెక్కకు పేము సీటు అల్లిన 14వ నంబరు కుర్చీ తెచ్చింది. బొంబాయి పాత ఇరానీ హోటళ్ళలో ఈ బాపతు కుర్చీలే ఉండేవి. మన దివాన్‌ఖానాల పడక కుర్చీ అల్లిక కూడా ఈ చుట్టరికంలోదే. ఇంగ్లీషు దొరల చేతికర్ర మలక్కా కేన్ ఇంకో రకం పేము. బడుల్లో బెత్తం, జైళ్ళలో కొరడా కూడా ఇదే మొక్క. మలేషియా, సింగపూర్‌లలో రోటన్ అంటే ఇవాళ్టికీ దెబ్బల శిక్ష అని అర్థం.

హిందుస్తాన్‌లో పేము సీట్లు అల్లే పనిని కళ్ళు లేనివాళ్ళ బడుల్లో ఎంతోమందికి నేర్పారు. వేళ్ళతో చూసి చేయగల హునర్ కనుక. ఆఫీసు కుర్చీల అల్లికతో ఇజ్జత్‌గా సంసారం నడుపుకున్న కారీగర్లు మన పట్నాల్లో ఉండేవారు. ప్లాస్టిక్ వైరు వచ్చాక ఆ పని తగ్గిపోయింది.

వరి కోసి పేము నాటిన తెలివి

ఇప్పుడు ఈ తారీఖ్‌లో నాకు అన్నిటికంటే విలువైనది అనిపించే భాగం. జంగల్ పేము తరిగిపోతుందని మనకంటే ముందే బోర్నియో రైతులకు తెలిసింది. మధ్య కాలిమంతాన్‌లో బరితో నది దిగువన దాదాహుప్, మెంకాతిప్ ప్రాంతాల్లో 19వ శతాబ్దం మధ్య నుంచే పేము సాగు మొదలైంది. ఏటా కొన్ని నెలలు నీట మునిగే ఆ నేలల్లో ఇరిత్ అనే రకం బ్రహ్మాండంగా వస్తుంది. నేల మీద పాకే కొమ్మలతో అదే విస్తరిస్తుంది.

తూర్పు కాలిమంతాన్‌లో దయాక్ బెనువాక్ జనం పద్ధతి వేరు. చిన్న జంగల్ ముక్క నరికి, కాల్చి, కొండ వరి వేస్తారు. వరితో పాటే సెగా గింజలు, మొలకలు కూడా నాటుతారు. ఒకటి రెండు పంటల తర్వాత పొలాన్ని వదిలేస్తారు. జంగల్ మళ్ళీ లేస్తుంది, దాని చెట్లు పట్టుకుని పేము లేస్తుంది. ఏడెనిమిదేళ్ళకు మొదటి కోత, ఆ తర్వాత దశాబ్దాల పాటు అప్పుడప్పుడూ కోసుకోవచ్చు. పక్కన పండ్ల చెట్లు, కలప, వేట జంతువులు. బయటివాడికి అది ఖాళీ అడవిలా కనబడుతుంది. ఊరివాడికి ఏ గుబురు ఎవరి దాదా నాటాడో తెలుసు.

వాళ్ళు పేముని ఏటా కోసి తీరాలని లేదు. ధర లేకపోతే వదిలేస్తారు, అది పెరుగుతూనే ఉంటుంది. కొడుకు చదువుకో, ఇంట్లో బీమారీకో, శాదీకో అవసరం పడినప్పుడు కోస్తారు. మన అమ్మీలు గాజులు దాచుకున్నట్టు, జంగల్‌లో దాచుకున్న పూంజీ అది. ఇందులో ఇంకో సంగతి ఉంది. పేముకు చెట్టు కావాలి, చెట్టు లేకపోతే అది ఎక్కలేదు. కాబట్టి పేము మీద బతికేవాడికి జంగల్ నిలబడటంలోనే ఫాయిదా. కలప కంపెనీకి జంగల్ నరికితేనే ఫాయిదా. పాలన చేసేవాళ్ళు ఈ ఫరక్ చూసి ఉంటే తర్వాతి కథ వేరేలా ఉండేది.

పాబందీ ఎవరి కోసం?

సుహార్తో హుకూమత్‌కు ఒక ఖయాల్ వచ్చింది. ముడి మాల్ మనది, కుర్చీలు చేసి ఫాయిదా తీసుకునేది హాంకాంగ్, తైవాన్. ఎందుకలా? సవాల్ సబబైనదే. 1979లో శుద్ధి చేయని పేము ఎగుమతి మీద ఆంక్ష పెట్టారు. 1986లో ముడి పేము మీద పూర్తి పాబందీ, 1988లో సగం శుద్ధి చేసిన దాని మీద కూడా. జావా దీవిలో కార్ఖానాలు లేచాయి. వలీ సునన్ గునుంగ్ జాతి దర్గాతో పేరున్న సిరెబోన్ పట్నం పక్కన తెగల్‌వాంగి ఊళ్ళు పేము ఫర్నిచర్‌కు దునియాలోనే మష్హూర్ అయ్యాయి. వేల కుటుంబాలకు రిజ్క్ దొరికింది. అది నిజం, దాన్ని తక్కువ చేయకూడదు.

కానీ తరాజుకు రెండో పళ్ళెం ఉంది. కొనేవాళ్ళు తగ్గితే ధర ఏమవుతుంది? కాలిమంతాన్, సులవేసీలలో కోసేవాడికి దక్కే ధర పడిపోయింది. దక్షిణ కాలిమంతాన్‌లో అముంతాయ్ పట్నం లంపిత్ అనే పేము చాపలకు పేరుపడింది. జపాన్‌కు బాగా ఎగుమతయ్యేవి. ఎగుమతి నియమాలు బిగిశాక, బజారు కూడా పడిపోయాక ఆ కార్ఖానాలు చాలావరకు మూతబడ్డాయి. అల్లేవాళ్ళు బంజార్ ముస్లిం కుటుంబాలే, ఎక్కువగా ఔరత్‌లు. రాత్రి పడవల్లో సరిహద్దు దాటించే స్మగ్లింగ్ మాత్రం ఆబాద్ అయింది.

ఆ తర్వాత ఖానూన్ అటూ ఇటూ ఊగింది. 1992లో పాబందీ బదులు మోయలేనంత పన్ను. 1998లో డబ్బు సంక్షోభం వచ్చి ఐఎంఎఫ్ షరతులతో తలుపులు తెరిచారు. 2005లో కొన్ని రకాలకు హద్దు పెట్టి ఇజాజత్. 2012 జనవరి 1 నుంచి మళ్ళీ పూర్తి పాబందీ. ఒక పేము తోట కోతకొచ్చే లోపు రెండుసార్లు ఖానూన్ మారితే రైతు దేన్ని నమ్మి నాటాలి?

ధర లేని తోటకు ఇజ్జత్ ఉండదు. 1997-98లో ఎల్ నినో కరువుతో వచ్చిన మంటల్లో ఒక్క తూర్పు కాలిమంతాన్‌లోనే దాదాపు 50 లక్షల హెక్టార్లు కాలాయి. వాటిలో తరాల నాటి పేము తోటలూ ఉన్నాయి. ధర బాగుంటే జనం మళ్ళీ నాటేవారు. చాలాచోట్ల నాటలేదు. రబ్బరుకో, పామాయిల్‌కో పోయారు, లేదా కంపెనీకి జమీన్ ఇచ్చేశారు.

మొదట పేము సాగు పుట్టిన దాదాహుప్, మెంకాతిప్ ప్రాంతం గతి ఇంకా దర్ద్‌నాక్. 1995లో సుహార్తో హుకూమత్ మధ్య కాలిమంతాన్‌లో 10 లక్షల హెక్టార్ల బురద జంగల్‌ను వరి పొలాలు చేస్తామని మెగా రైస్ ప్రాజెక్టు మొదలుపెట్టింది. ఆ హద్దుల్లోకే ఈ ఊళ్ళూ వచ్చాయి. వేల కిలోమీటర్ల కాలువలు తవ్వి నీళ్ళు దించేశారు. వరద మీద బతికే ఇరిత్ తోటలు, చేపల గుంటలు, రబ్బరు చెట్లు పోయాయి. నీరు పోయిన ఆ నేల అసలు నేలే కాదు, వేల ఏళ్ళ ఆకు చెత్త. ఎండి 1997లో అంటుకుంది, ఆ పొగ సింగపూర్, మలేషియాల దాకా కమ్మింది. వరి సరిగా పండలేదు. 1999 కల్లా ప్రాజెక్టు ఎత్తేశారు. కాలువలు మిగిలాయి, తోటలు తిరిగి రాలేదు. ఖాళీ జమీన్ అని నక్షాలో గీసిన చోట నూటయాభై ఏళ్ళ విరాసత్ ఉందని ఫైసలా చేసినవాళ్ళకు కనబడలేదు.

మనకేమిటి?

ఇంత దూరం చదివినవాళ్ళు అడగొచ్చు, ఎక్కడి బోర్నియో, ఎక్కడి గుంటూరు, కర్నూలు అని. రెండు మాటలు చెప్పి ముగిస్తాను.

ఒకటి, ఈ కథలో పేర్లు మారిస్తే మన కథే. పేష్గీ తీసుకుని పనిచేసే బీడీ కార్మికులు మన ఘరానాల్లో ఉన్నారు. అడవిలో తునికాకు ఏరే గిరిజనులు మన పక్కనే ఉన్నారు. పైన కార్ఖానాను కాపాడే ఖానూన్ కింద ఏరేవాడి ధర ఎందుకు పడేస్తుందో బోర్నియో తారీఖ్ సాఫ్‌గా చూపిస్తుంది. దేశంలోనే సరుకు తయారవ్వాలి అన్న నారా మంచిదే. కానీ మాల్ ఇచ్చేవాడు ఎవరికి అమ్మాలో, ఎంతకు అమ్మాలో తేల్చుకునే హక్ అతని దగ్గర లేకపోతే ఆ ఫాయిదా అతని గడప దాకా రాదు. సిరెబోన్ కారీగర్‌కీ కాలిమంతాన్ మజ్దూర్‌కీ మధ్య దుష్మనీ ఏమీ లేదు. ఇద్దరికీ ఇన్సాఫ్ చేసే ఖానూన్ రాయడం కష్టమే గానీ నాముమ్‌కిన్ కాదు. రాసే గదిలో ఇద్దరూ ఉండాలి, అంతే.

రెండు, మన చేతిలో ఉన్న చిన్న పని. ఇప్పుడు బజారులో కేన్ పేరుతో అమ్మేదాంట్లో చాలా భాగం ప్లాస్టిక్. చూసి గుర్తుపట్టొచ్చు. అసలు పేములో కణుపుల గుర్తులు కనబడతాయి, రంగు అంతటా ఒకేలా ఉండదు, తెగిన చివర సన్నటి రంధ్రాలు ఉంటాయి. అసలు పేము తడి తగలకుండా, ఎర్రటి ఎండలో పెట్టకుండా చూసుకుంటే తరాలు నిలుస్తుంది. సీటు చిరిగితే చెక్క బాగానే ఉంటుంది, అల్లిక మార్చుకుంటే చాలు. మీ ఊళ్ళో ఆ హునర్ తెలిసిన కారీగర్ ఇంకా ఉంటే పాత కుర్చీని చెత్తబండికి ఇవ్వకుండా ఆయన దగ్గరికి పంపండి. అడిగిన మజ్దూరీ ఎక్కువనిపిస్తే, బేరం మొదలుపెట్టే ముందు ఆ పట్టీ ఏ జంగల్‌లో ఎంత ఎత్తు నుంచి లాగి తెచ్చిందో ఒక్కసారి తలుచుకోండి.